గంజితో అతికించిన పేజీ

నేను ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లీషు అయ్యవారిగా పనిచేశాను. అంతా చిత్తూరు జిల్లా హైస్కూళ్లలోనే, అందులోనూ ఎక్కువ కాలం పూతలపట్టు చుట్టుపక్కల. రిటైరై మూడేళ్లయింది. మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు టీచర్లు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు.

"సార్, పిల్లోళ్ల చేత సొంతంగా రాయించేదానికి మీ దగ్గర ప్రశ్నల లిస్టు ఉండాదంట గదా. జిరాక్స్ తీసుకుంటాం" అన్నారు.

ఉంది. ఇవ్వలేదు. ఇస్తే రేపటికల్లా అది ఇంకో గైడ్ అవుతుంది, ఎల్లుండి దానికి జవాబులు కూడా అచ్చవుతాయి. టీ ఇచ్చి పంపించాను. వాళ్లు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లారు. ఆ తర్వాత నాకే అనిపించింది, లిస్టు ఇవ్వకపోయినా దాని వెనక జరిగింది చెప్పాలని. ముఖ్యంగా నేను చేసిన తప్పు చెప్పాలి. ప్రమోషన్లు, సన్మానాలు, ఫైళ్లు ఇక్కడ ఉండవు. వాటి కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేను చెప్పబోయే అమ్మాయికి ముందుగా ఫోన్ చేసి అడిగాను. "రాసుకోండి సార్, కానీ రెండు పక్కలా రాస్తేనే" అని షరతు పెట్టింది. ఆ షరతు ఎందుకో చివరికి తెలుస్తుంది.

నేను ఎక్కడ చదువుకున్నాను

ఏడో తరగతితో బడి మానేశాను. తిరుచానూరులో ఒక లాడ్జిలో గదులు శుభ్రం చేసే పనికి కుదిరాను. యాత్రికులు వదిలేసిన ఇంగ్లీషు పేపర్లు, మంచం కింద దొరికిన పాత డిక్షనరీ, అవే నా బడి. మెట్రిక్ ప్రైవేటుగా, డిగ్రీ దూరవిద్యలో, టీచరు ట్రైనింగు ముప్పై దాటాక. ఇవన్నీ గొప్పకు చెప్పడం లేదు. నా తోటి టీచర్లలో కొందరు నన్ను చివరిదాకా "ప్రైవేటు పాస్ సార్" అనే పిలిచారు, వెనకాల కాదు, ముందే. ఆ మాట నా లోపల ఒక మంట పెట్టింది. ఆ మంట వల్ల కొంత మంచి జరిగింది, ఒక చెడు కూడా జరిగింది.

లాడ్జిలో ఒక పెద్ద రిజిస్టరు ఉండేది. పేరు, ఊరు, వచ్చిన పని అని గళ్లు. వచ్చిన పని దగ్గర అందరూ దర్శనం అని రాసేవాళ్లు. ఒక రోజు ఒక పెద్దాయన ఆ గడిలో ఇంగ్లీషులో నాలుగు మాటలు రాశాడు. ఆయన గదిలోకి వెళ్లాక డిక్షనరీ తీసి కూడబలుక్కున్నాను. నా తమ్ముడికి క్షమాపణ చెప్పుకోవడానికి, అని ఉంది. వేలి వెడల్పు కూడా లేని గడిలో ఒక మనిషి తనను తాను పెట్టి పోయాడు. భాష ఇందుకు కదా అనుకున్నాను. టీచరునయ్యాక నా పనల్లా ఆ గడిలాంటిది పిల్లలకు ఇవ్వడమే అని నిర్ణయించుకున్నాను.

మంచు కురిసే రోజు

హైస్కూల్లో ఇంగ్లీషు వ్యాసం అంటే ఏమిటో మీకు తెలుసు. మీ సంస్కృతి గురించి రాయుము. నలభై నోటుపుస్తకాలు తెరిస్తే నలభైలోనూ ఒకటే జవాబు. మన దేశం భిన్నత్వంలో ఏకత్వం గలది, మనం పండుగలు జరుపుకొందుము, పెద్దలను గౌరవించెదము. గైడులో ఉన్న అచ్చుతప్పు కూడా నలభైలోనూ ఉంటుంది. అది దిద్ది సంతకం పెట్టి జీతం తీసుకోవడం నాకు సిగ్గనిపించేది.

తర్వాత కాలం మారిందన్నారు. ట్రైనింగులకు పిలిచారు. ఒక ట్రైనింగులో, సంస్కృతి, వ్యక్తిత్వం మీద పిల్లలు ఆలోచించి రాయడానికి ఇవి ఇవ్వండి అని ఒక కాగితం పంచారు. ఎక్కడో ఇంటర్నెట్టులో నుంచి దింపింది. అందులో మూడో ప్రశ్న: మంచు కురిసే రోజు మీ కుటుంబం ఏం చేస్తుంది?

నేను లేచి నిలబడ్డాను. "సార్, మా పిల్లోళ్లు మంచు సూసేది చేపలంగడి ఐసుపెట్టెలోనే. ఏం రాయమంటారు?" అన్నాను.

"మీ లోకల్‌కి తగినట్టు మార్చుకోండి సార్" అన్నాడు ట్రైనింగు ఇచ్చే ఆయన.

"మార్చుకునే పని మాదే అయితే ఈ కాగితం మీదెందుకు?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ రోజు నా హాజరు సగం పూటే పడింది.

అదే కాగితంలో మీ ఐడెంటిటీ ఏమిటి అని ఇంకో ప్రశ్న ఉంది. సరే చూద్దామని తొమ్మిదో తరగతికి ఇచ్చాను. ఒకడు తన ఆధార్ నంబరు పన్నెండు అంకెలూ తప్పు లేకుండా రాసి ఇచ్చాడు. స్టాఫ్ రూములో చదివి నవ్వుకున్నాం. ఇంటికి పోతూ బస్సులో ఆలోచించాను. వాడి తప్పేముంది? ఎవరు నువ్వు అని వాడిని ఇప్పటిదాకా అడిగిందల్లా రేషన్ షాపు, బ్యాంకు, బడి. వాళ్లందరికీ కావలసింది ఆ అంకెలే. వేరే రకంగా అడిగినవాళ్లు లేరు.

నేను అడిగినవి

అప్పటి నుంచి సొంతంగా ప్రశ్నలు తయారుచేసుకున్నాను. సంస్కృతి అనే మాట ప్రశ్నలో ఉండకూడదు, అది మొదటి కట్టుబాటు. ఒక వస్తువును గురించో ఒక చోటును గురించో అడగాలి. జవాబు గైడులో దొరకకూడదు, పక్కవాడి పుస్తకంలో అసలు దొరకకూడదు.

మీ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఎవరు, వాళ్లు చేసే మొదటి చప్పుడు ఏమిటి? మీ అమ్మ ఏ గిన్నెను ఎవరికీ ఎరువివ్వదు? చుట్టాలు వచ్చినప్పుడు మీ ఇంట్లో ఏ మాట ఆగిపోతుంది? మీరు ఏ భాషలో లెక్కపెడతారు, ఏ భాషలో తిడతారు? ఈ చివరిది తమిళనాడు సరిహద్దున గుడిపాల వైపు పనిచేసినప్పుడు ఇచ్చాను. తమిళంలో లెక్కపెట్టి తెలుగులో తిట్టే పిల్లలు సగం మంది. తమ ఇంట్లో రెండు భాషలున్నాయని, అది సిగ్గుపడే విషయం కాదని వాళ్లు మొదటిసారి ఇంగ్లీషులో రాశారు.

మొదటిసారి రాసినప్పుడు ఎర్ర పెన్ను ముట్టుకునేవాణ్ని కాదు. "నిజం రాయండి. తప్పులుంటే ఫరవాలేదు, తప్పులు నేను దిద్దుతా. నిజాన్ని మాత్రం నేను దిద్దలేను" అని చెప్పేవాణ్ని. ఈ మాట గుర్తు పెట్టుకున్న పిల్ల ఒకటి నన్ను తర్వాత నిలబెట్టి అడిగింది.

లెక్కల సారు ఒకాయన అనేవాడు, "ఎందుకప్పా ఇవన్నీ? గ్రామరు చెప్పి పంపీ. పరీక్షలో వీళ్ల యమ్మ గిన్నె వస్తాదా?" రాదు. ఆయన చెప్పింది నిజమే. నా పిల్లలకు మార్కులు ఎక్కువా రాలేదు, తక్కువా రాలేదు. మార్కుల కోసం ఈ పని చేయమని మీకు చెప్పడం లేదు.

హేమ రాసిన కాగితం

హేమావతి పదో తరగతి. తండ్రి మునస్వామి కూలిపని చేస్తాడు. గంగమ్మ జాతరకు ఆ ఊళ్లో మొదటి డప్పు వాళ్లదే, తాత నాటి నుంచి. తల్లి సరళమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పని చేస్తుంది, ఆదివారం చర్చికి పోతుంది. పెళ్లికి ముందు నుంచే పోతుంది. ఇలాంటి ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. ఊళ్లో ఎవరికీ అది వింత కాదు.

నేనిచ్చిన ప్రశ్న: ఒకదానికొకటి పడని రెండు వస్తువులు మీ ఇంట్లో పక్కపక్కనే ఎక్కడున్నాయి?

హేమ ఒక విడి కాగితం మీద రెండు పక్కలా రాసి ఇచ్చింది. ఆమె ఇంగ్లీషును నేను తెలుగులో చెబుతున్నాను. వాళ్ల గోడ గూట్లో గంగమ్మ పటం, అమ్మ బైబిలు పక్కపక్కనే ఉంటాయి. పటం మీది పసుపు రాలి బైబిలు అట్ట మీద పడుతుంది. ప్రతి శనివారం సాయంత్రం అమ్మ ఏమీ అనకుండా దాన్ని తుడుచుకుంటుంది. నాయన దీపం పెట్టేటప్పుడు నూనె చుక్క పడకుండా బైబిలును అరచేయంత పక్కకు జరుపుతాడు. ఆయన కూడా ఏమీ అనడు. ఇదీ, జాతర సంగతులూ మొదటి పక్కన ఉన్నాయి. రెండో పక్కన ఆదివారం గురించి రాసింది. అమ్మతో చర్చికి పోవడం, అక్కడ ఒంటరిగా నిలబడి పాడటం, తను పాడుతుంటే అమ్మ కళ్లు మూసుకోవడం.

ఇరవై ఎనిమిదేళ్లలో నాకు అంత మంచి కాగితం ఇంకొకటి రాలేదు.

ఇక నా తప్పు. బడిలో ఇంగ్లీషు దినం అని ఒకటి జరిపాం. ఊరి పెద్దలు, మండలం నుంచి ఆఫీసర్లు వస్తారు. పిల్లల రచనలు చార్టు మీద అతికించాలి. హేమ కాగితానికి రెండు పక్కలున్నాయి, చార్టు మీద కనిపించేది ఒక పక్కే. ఏది పైకి పెట్టాలి? మొదటి పక్క తప్పులతడక. రెండో పక్క ఇంగ్లీషు బాగుంది, పాట గురించిన వాక్యాలు అందంగా ఉన్నాయి. మొదటి పక్కకు మైదా గంజి పూసి చార్టుకు అతికించేశాను. అక్కడితో ఆగలేదు. ఫోన్‌తో ఫోటో తీసి, పిల్ల పేరుతో సహా, బడి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ప్రైవేటు పాస్ సారు ఏం రాయించాడో చూడండ్రా అని నా లోపలి మంట. ఆ పిల్లను ఒక్క మాట అడగలేదు. అడగాలని తోచనే లేదు.

అర్జీ

మే నెల సెలవుల్లో హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. "సార్, యాడుండినా సరే బయల్దేరి రండి. మీ ఇంగ్లీషు మన కొంప మీదికి తెచ్చినాది."

హేమకు పాలిటెక్నిక్‌లో సీటు, హాస్టలు దొరికేట్టున్నాయి. దానికి ఎస్సీ కుల సర్టిఫికెట్ కావాలి. గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టుకున్నారు. ఈలోగా ఎవరో పేరు లేని కాగితం ఒకటి తాసిల్దారు ఆఫీసుకు పంపారు, ఈ పిల్ల మతం మారింది, సర్టిఫికెట్ ఇవ్వకూడదని. దానికి జతగా నేను పెట్టిన ఫోటో. క్రైస్తవంలోకి మారితే ఆ సర్టిఫికెట్ వర్తించదని చట్టం. ఆ చట్టం మీద నాకున్న కోపం ఇక్కడ రాయను, అది వేరే పుస్తకమవుతుంది. సర్టిఫికెట్ రాకపోతే సీటు లేదు, హాస్టలు లేదు. మునస్వామికి హాస్టలు లేకుండా కూతుర్ని చదివించే శక్తి లేదు. ఇదంతా జరిగింది నా ఫోటో వల్ల.

హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. ఏ గొడవనైనా ఒక కాగితంతో మూసేయొచ్చని నమ్మే మనిషి. అప్పటికే చిత్తు రాసి పెట్టుకున్నాడు.

"ఇది విద్యార్థిని ఊహించి రాసిన వ్యాసం, ఇందులోని మనుషులు, సంగతులు కల్పితాలు అని మీరు రాసీండి సార్. నేను సీల్ వేస్తా. ఆర్.ఐ. దాన్ని పెట్టుకుని ఫైలు మూసేస్తాడు."

"నిజంగా రాసిందాన్ని కల్పితం అనాల్నా?"

"ఏం సార్, సీటు కావల్నా, నిజం కావల్నా? యాడికి పోతాది మీ నిజం? వచ్చే సంవత్సరం ఇంకోరి చేత రాయించుకోండి."

నేను రాశాను. సంతకం కూడా పెట్టాను. ఇది నా రెండో తప్పు, మొదటి దానికంటే పెద్దది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని హేమ వాళ్ల ఇంటికి పోయాను.

ఆ ఇంట్లో

మధ్యాహ్నం. ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. నేను జరిగింది చెప్పి, తప్పు నాదే అన్నాను, కాగితం చదివి వినిపించాను. మునస్వామి ముఖం తేటపడింది.

"అట్లే చేయండి సార్. మాకు సీటు వస్తే సాలు."

హేమ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "అట్ల రాయొద్దు సార్" అంది.

"ఏమ్మా?"

"క్లాసులో మీరేం చెప్పినారు? నిజాన్ని దిద్దలేనన్నారు గదా. ఇప్పుడు దిద్దుకోనొచ్చినారు."

తండ్రి కసిరాడు. "అయ్యవారితో అట్లనా మాట్లాడేది? సీటు పోతే మామిడిచెక్కలు కోసేదానికి పోతావా మీ యమ్మ మాదిరి?"

"పోతా నాయనా. మా అమ్మ కళ్లు మూసుకునేది అబద్ధమని సంతకం పెట్టిస్తారా? నువ్వు బైబిలు జరిపేది అబద్ధమా? రేపు కాలేజీలో ఎవురైనా అడిగితే, నేను రాసిందంతా అబద్ధమని మా సారే రాసిచ్చినాడు అని చెప్పాల్నా?"

నేను చేతిలోని కాగితాన్ని మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

సరళమ్మ పొయ్యి దగ్గర నుంచి నెమ్మదిగా అడిగింది. "సార్, నాకు ఇంగ్లీషు సదివేది రాదు. పాప రాసేటప్పుడు పక్కనే కూసోని ఉంటిని. కాగితం తిప్పి ఇంకో పక్క గూడా రాసింది. ఈ ఫోటోలో ఒగ పక్కే ఉండాది. ఆ పక్కది ఏమాయె?"

"అవును సార్" అంది హేమ, లేచి నిలబడి. "ముందు పక్కనే గదా అంతా రాసినాను. పెళ్లినాడు నాయనా అమ్మా అనుకున్న మాట. బిడ్డలు పుడితే పద్దెనిమిది నిండేదాకా ఎవురూ ఏ పక్కకీ లాగకూడదు, తర్వాత వాళ్లే తేల్సుకుంటారు అని. నేను బాప్తిస్మం తీసుకోలేదని గూడా రాసినా."

నేను చదివాను దాన్ని. చదివి, తప్పులున్నాయని గంజి పూసి మూసేశాను.

బండి మీద బడికి పోయి, స్టాఫ్ రూము బీరువా మీద చుట్టిపెట్టిన చార్టు తెచ్చాను. నీళ్లు చల్లి లాగబోతే సరళమ్మ ఆపింది.

"నీళ్లు పోస్తే చినుగుతాది సార్. ఉండండి, ఆవిరి పట్టిస్తాం."

అన్నం ఉడికే గిన్నె మూత తీసింది. హేమా, నేనూ చార్టును రెండు కొసలా పట్టుకున్నాం. గంజి మెత్తబడే కొద్దీ సరళమ్మ కత్తి మొనతో ఒక్కొక్క అంచూ లేపుతూ వచ్చింది, మామిడి తొక్క తీసినంత పలచగా. మునస్వామి కాసేపు దూరంగా ఉండి, తర్వాత వచ్చి చార్టు మధ్యలో కింద చేయి పెట్టాడు. కాగితం మొత్తానికి ఊడింది. బాల్ పెన్నుతో రాసింది కాబట్టి అక్షరాలు మిగిలాయి. ఒక మూల మాత్రం మూడు వరుసలు చార్టుకే అంటుకుపోయాయి. పెళ్లినాటి మాట రాసింది సరిగ్గా ఆ మూలే.

నా జేబులోని కాగితాన్ని తీసి వాళ్ల ముందే చించి పొయ్యిలో వేశాను.

తాసిల్దారు ఆఫీసు

విచారణ చేసే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్.ఐ., కుర్రవాడే, ముప్పై దాటలేదు. ఫోటో ప్రింటు, ఊడదీసిన కాగితం పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"హెడ్మాస్టరు సారు ఫోన్ చేసి, కల్పితమని లెటర్ వస్తాదని చెప్పినారే?"

"రాదండి. కల్పితం కాదు. ఒక పక్కే చూపించింది నేను, తప్పు నాది. నేను మూసేసిన పక్క ఇదీ" అన్నాను.

ఆయన హేమను చదవమన్నాడు. ఆమె ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది. చార్టుకు అంటుకుపోయిన మూల దగ్గరికి వచ్చి ఆగింది.

"ఈడ మూడు లైన్లు పోయినాయి. అందులో ఏముండాదంటే..."

"పోయిన లైన్లలో ఉండాదంటే ఎట్ల నమ్మేదమ్మా? మేం రాసుకోవాలంటే ఏదన్నా ఆధారం ఉండాల గదా."

"అయితే మళ్లా రాస్తా సార్. ఈడనే, మీ ముందరే. కాగితం ఇప్పించండి."

ఆయన నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూశాను. ఆఫీసు కాగితాలు నాలుగు ఇప్పించాడు. హేమ వరండాలో బెంచీ మీద కూర్చుని, అట్ట ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. తల్లీ తండ్రీ ఆ పక్కా ఈ పక్కా కూర్చున్నారు. గంట గడిచింది. ఆర్.ఐ. రెండుసార్లు బయటికి వచ్చి చూసి పోయాడు.

"ఏం సార్, ఇంగా రాస్తా ఉండాది?"

"ఆమెను ఎవరూ అడగలేదు కదండి ఇప్పటిదాకా" అన్నాను.

నాలుగు కాగితాలూ నిండాయి, తిప్పి వెనక కూడా. అంతకుముందు దానికంటే ఎక్కువ తప్పులున్నాయి, తొందర కదా. నేను దిద్దలేదు. ఆర్.ఐ. ఓపికగా చదివాడు. అర్థం కాని చోట ఆమెనే అడిగాడు. చివరికి అడిగాడు.

"చర్చికి పోతావా?"

"అమ్మతో పోతా సార్."

"జాతరకు?"

"నాయనతో పోతా. అంబలి కుండ నేనే ఎత్తుకుంటా."

"మరి నువ్వు ఏందమ్మా?"

"ఇంగా తేల్సుకోలేదు సార్. పద్దెనిమిది రానీ."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. మునస్వామిని, ఊళ్లో ఇద్దరు పెద్దలను పిలిపించి అడిగాడు. వాళ్లూ అదే చెప్పారు. పెళ్లినాటి మాట విన్నవాళ్లలో ఒకాయన ఇంకా ఉన్నాడు. ఆర్.ఐ. అందరి మాటా రాసుకుని రిపోర్టు పంపాడు. గడువుకు నాలుగు రోజుల ముందు సర్టిఫికెట్ వచ్చింది. హెడ్మాస్టరు నాతో రెండు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఆయనే, "మీరు చేసింది సరే సార్, నాకు మాత్రం గుండె ఆగినంత పనైంది" అన్నాడు.

బయటికి వచ్చాక హేమ చేయి చాచింది. "ఆ కాగితం నాకిచ్చేయండి సార్."

ఇచ్చాను. "గ్రూపులో మొదటి పక్క కూడా పెడతానమ్మా. అందరూ చూస్తారు" అన్నాను.

"వద్దు సార్. ఇది నాది."

మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఇప్పుడు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో వస్తువుల నాణ్యం చూసే పని చేస్తోంది. పద్దెనిమిది దాటాయి. ఏం తేల్చుకుందో నేను అడగలేదు.

కొత్తగా చేరినవాళ్లకు

మీరు మంచి ప్రశ్న అడిగితే పిల్లలు నిజంగా జవాబు చెబుతారు. అదే ఈ పనిలోని ప్రమాదం. ఫోన్లో నొక్కితే జవాబు వచ్చే రోజుల్లో మీకు ఇది ఇంకా అర్థం కావాలి: ఫోన్ ఇచ్చే జవాబు వల్ల ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే అది ఎవరిదీ కాదు. పిల్ల రాసింది పిల్లది. దాన్ని గోడకెక్కించేముందు, పోటీకి పంపేముందు, పక్క టీచరుకు చదివి వినిపించేముందు ఆ పిల్లను అడగండి. వద్దంటే కారణం అడగకండి. సగం చూపించడం కంటే అసలు చూపించకపోవడం మేలు. ఇంకొకటి. మీ పేరు కోసం పిల్లల ఇళ్లను వాడుకోకండి. నేను వాడుకున్నాను.

ఆ జూన్‌లో కొత్త క్లాసు వచ్చింది. మొదటి రోజే చెప్పాను. "మీరు రాసినాక పేజీని మధ్యకు మడిస్తే నేను విప్పను. రాసినారని టిక్కు పెట్టి ఇచ్చేస్తా. మడవకుంటే సదువుతా. సదివినాక పుస్తకం మీదే."

మొదటి వారం నలభై ఒక్క పుస్తకాలు వచ్చాయి. నలభై ఒక్కటీ మడతలే. టిక్కులు పెట్టి ఇచ్చేశాను. మూడో వారానికి లెక్కల సారు చూసి, "సదవకుండా దిద్దేది ఏం దిద్దుడప్పా? జీతానికి న్యాయం ఉండాదా?" అన్నాడు. నేను నా పని చేస్తూ పోయాను. ఏదో ఒకటి రాసి మడుస్తున్నారేమో, ఖాళీ పేజీలు మడుస్తున్నారేమో, నాకు తెలియదు. వేళ్లు లాగేవి. విప్పలేదు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు, వారం వారం టిక్కులే.

దసరా సెలవుల తర్వాత వచ్చిన కట్టలో ఒక పుస్తకం మడత లేకుండా ఉంది. వెనక బెంచీ పిల్ల, క్లాసులో నోరెత్తని పిల్ల. రెండు పేజీలు, రెండు పక్కలా. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని నిదానంగా చదివాను. మళ్లీ చదివాను. ఎర్ర పెన్ను జేబులోంచి తీయలేదు. మరుసటి రోజు పుస్తకం ఆ పిల్ల చేతికే ఇచ్చాను.

అందులో ఏముందో మీకు చెప్పను.